సముద్రాన్ని అడిగి వెళ్లాల్సిన ఊరు

సెయింట్ మాలో ప్రయాణానికి తేదీ ఖాయం చేయాలంటే ముందు ఆటుపోట్ల పట్టిక తెరవాలి. రైలు, హోటల్ ఆ తర్వాత. ఫ్రాన్స్‌లోని రెన్ నగరంలో ఉద్యోగం చేస్తున్న నాకు ఈ సంగతి చెప్పింది ఆఫీసులో నా పక్క సీటావిడ. ఆమెది ఆ తీరమే. కాకినాడ నుంచి అమ్మానాన్నలు వచ్చారు, ఒక మంచి ఊరు చూపించాలి అంటే, "సెయింట్ మాలో తీసుకెళ్లు, కానీ ఏ శనివారం పడితే ఆ శనివారం వద్దు" అంది.

ఫ్రాన్స్‌కు వాయవ్య మూలన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ప్రాంతం బ్రిటనీ. దాని ఉత్తర తీరంలో, రాన్స్ నది సముద్రంలో కలిసేచోట ఒక రాతిగుట్ట మీద కట్టుకున్న ఊరిది. చుట్టూ గ్రానైట్ కోటగోడ, గోడకు మూడు వైపులా నీళ్లు. యూరప్‌లో అతి పెద్ద ఆటుపోట్లు వచ్చే చోట్లలో ఇదొకటి. పెద్ద పోటు రోజుల్లో, నీరు పూర్తిగా తీసిన మట్టానికీ పూర్తిగా ఎక్కిన మట్టానికీ మధ్య తేడా 12, 13 మీటర్ల దాకా ఉంటుంది. మా కాకినాడ తీరంలో ఈ తేడా రెండు మీటర్లలోపే. అందుకే నాన్న మొదట నమ్మలేదు. "పదమూడు అడుగులేమో, సరిగ్గా చూడు తల్లీ" అన్నారు.

ఫ్రాన్స్‌లో ఆటుపోట్ల బలాన్ని 20 నుంచి 120 వరకు ఒక అంకెతో చెబుతారు. దాన్ని కోఎఫిషియంట్ అంటారు. 70 దాటితే పెద్ద పోటు కింద లెక్క. 100 దాటిన రోజైతే కోట చుట్టూ సముద్రం చేసే పని పూర్తిగా కనిపిస్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెరుగుతుందని మన తీరంలో అందరికీ తెలిసిందే. బ్రిటనీలో మాత్రం అసలు పెద్ద పోటు ఆ తిథికి ఒకటిన్నర రోజు తర్వాత వస్తుంది. పైగా మార్చి, సెప్టెంబరు నెలల్లో, పగలు రాత్రి సమానమయ్యే రోజుల దగ్గర, ఇంకా పెరుగుతుంది. నాన్న తన ఫోన్లో పంచాంగం తెరిచి భాద్రపద పౌర్ణమి ఎప్పుడో చూశారు. నేను ఫ్రెంచి వాళ్ల పట్టిక చూశాను. రెండూ కలిపి చూస్తే పౌర్ణమి దాటిన వెంటనే వచ్చే శనివారం దొరికింది. కోఎఫిషియంట్ వందకు పైనే.

ఆ పట్టికలోనే ఇంకో మంచి విషయం తెలిసింది. సెయింట్ మాలోలో పెద్ద పోటు రోజుల్లో నీళ్లు ఎక్కడం ఎప్పుడూ పొద్దున, మళ్లీ రాత్రి. తీయడం మధ్యాహ్నం. పోటుకూ పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే పొద్దున దిగినవాళ్లకు గోడ పక్కనే సముద్రం కనిపిస్తుంది, భోజనం చేసి వచ్చేసరికి అదే చోట నడిచి వెళ్లొచ్చు, చీకటి పడ్డాక అలలు మళ్లీ గోడను కొడతాయి. ఒక్కరోజులో ఊరు రెండు రూపాలూ చూపిస్తుంది. చిన్న పోటు రోజు వెళ్తే ఈ రెండింటికీ తేడా అంతగా కనబడదు. అందుకే నా స్నేహితులందరికీ చెబుతున్నాను, సెలవు కుదిరిన రోజు చూసుకుని వెళ్లకండి, కోఎఫిషియంట్ చూసుకుని సెలవు పెట్టండి.

రెన్ నుంచి రైల్లో గంటలోపు ప్రయాణం. పారిస్ మోంపర్నాస్ స్టేషన్ నుంచి నేరుగా టీజీవీ అనే వేగపు రైల్లో అయితే రెండుంబావు గంటలు పైచిలుకు. స్టేషన్ నుంచి కోట దాకా తిన్నగా ఒకటే రోడ్డు, పావుగంట నడక. మేం సాన్ విన్సాన్ ద్వారం దగ్గర మెట్లెక్కి గోడ మీదికి చేరాం. అమ్మకు మోకాళ్ల నొప్పి. మెట్లంటే నాకు టెన్షనే. కానీ ఒకసారి పైకెక్కాక చాలామటుకు చదునుగానే ఉంటుంది. చుట్టు మొత్తం రెండు కిలోమీటర్లకు తక్కువే, కూర్చోవడానికి బెంచీలున్నాయి. టికెట్ లేదు.

గోడ మొదలైంది 12వ శతాబ్దంలో. ఇప్పుడు కనిపించే వెడల్పు బురుజుల్లో చాలావరకు 18వ శతాబ్దం మొదట్లో పెంచినవి. పద్నాలుగో లూయీ కోటల ఇంజనీరు వోబాన్ ప్లాన్లు వేశాడు, గరాంజో అనే ఇంజనీరు దగ్గరుండి కట్టించాడు. ఒక పక్క నడుస్తుంటే ఊరి ఇళ్ల రెండో అంతస్తు కిటికీలు మన ఎత్తులో ఉంటాయి. రెండో పక్క కింద సముద్రం. మేం వెళ్లేసరికి పోటు దాటి రెండు గంటలైంది, నీళ్లు దిగుతున్నాయి. గోడ అడుగున రాళ్ల మీద ఒక గీత కనిపించింది. పైన లేత బూడిద రంగు గ్రానైట్, గీత కింద నల్లగా నాచు, దానికింద రాయి కనబడకుండా అతుక్కున్న గవ్వపురుగులు. తడి ఇంకా ఆరలేదు. నాన్న ఆ గీతనీ కింద ఇసుకనీ మార్చి మార్చి చూసి, "పదమూడు మీటర్లే తల్లీ" అన్నారు.

ఈ ఊరి పాత కథలన్నీ ఆ తేడాలోంచే పుట్టాయి. రేవులో నీళ్లు తీసినప్పుడు ఓడలు ఇసుకలో కూలబడేవి. రాత్రిపూట ఎవడైనా నడిచొచ్చి దోచుకుపోవచ్చు. అందుకని ఊరివాళ్లు పెద్ద పెద్ద కాపలా కుక్కల్ని పెంచి, రాత్రి గంట కొట్టి ద్వారాలు మూశాక బయటికి వదిలేవారు. తెల్లారి బాకా ఊది వెనక్కి పిలిచేవారు. కొన్ని వందల ఏళ్లు ఇలా సాగింది. 1770లో ఆలస్యంగా వచ్చిన ఒక నౌకాధికారిని అవి చంపేయడంతో ఆ ఏర్పాటు ఆపేశారు. అమ్మ ఈ కథ విన్నాక గోడ మీంచి కిందికి చూసిన ప్రతిసారీ "పాపం ఆ అబ్బాయి" అంటూనే ఉంది.

గోడ మీద ఒకచోట రోబెర్ సుర్కూఫ్ విగ్రహం ఉంది, సముద్రం మీదికి చెయ్యి చాపి. పుట్టింది ఇక్కడే, 1773లో. రాజు ఇచ్చిన అనుమతి పత్రంతో శత్రుదేశపు సరుకు ఓడల్ని పట్టుకునే నావికుల ఊరిది. ఆ పత్రం లేకుండా పట్టుకుంటే దొంగ, ఉంటే దొర. 1800 అక్టోబరులో సుర్కూఫ్ తనకంటే చాలా పెద్దదైన ఈస్టిండియా కంపెనీ ఓడ కెంట్‌ను పట్టుకున్నాడు. అదెక్కడో కాదు, మన బంగాళాఖాతంలో. విగ్రహం దగ్గర ఫొటో తీసుకునే జనంలో నాకు తెలిసి ఆ సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లం మేం ముగ్గురమే.

నాన్నకు చరిత్రంటే ప్రాణం. ఆయన్ని ఈ ఊరికి రప్పించిన పేరు వేరే. లా బూర్దోనే. 1699లో ఇక్కడే పుట్టాడు. 1746లో మద్రాసును ఇంగ్లీషువాళ్ల చేతుల్లోంచి లాక్కున్న ఫ్రెంచి నౌకాదళ నాయకుడు ఆయనే. కొంత సొమ్ము తీసుకుని ఊరు తిరిగిచ్చేస్తానని ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. పుదుచ్చేరిలో ఉన్న ఫ్రెంచి గవర్నరు డూప్లే ఒప్పుకోలేదు. ఇద్దరికీ పడలేదు. చివరికి ఫ్రాన్స్ వెళ్లాక లా బూర్దోనేని బాస్టీల్ జైల్లో పెట్టారు. నిర్దోషిగా బయటికొచ్చినా ఆరోగ్యం పోయింది, 1753లో చనిపోయాడు. మద్రాసును 1748 సంధి ప్రకారం ఎలాగూ ఇంగ్లీషువాళ్లకు తిరిగిచ్చేశారు. అంతకుముందు మారిషస్‌కు గవర్నరుగా వెళ్లి పోర్ట్ లూయీ రేవును పెంచిందీ ఆయనే. తర్వాతి శతాబ్దంలో మన తెలుగువాళ్లు చెరకు తోటల్లో కూలికి వెళ్లి దిగింది ఆ రేవులోనే. "మద్రాసు, యానాం, పోర్ట్ లూయీ, అన్నిటికీ దారులు ఇలాంటి రేవుల్లోంచే బయల్దేరాయి చూడు" అన్నారు నాన్న. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నతో గోదావరి దాటి యానాం వెళ్లేవారు. 1954 దాకా అక్కడ ఫ్రెంచి జెండానే.

దీనంతటికీ ఇంకో ముఖం ఉంది, దాచకూడదు. ఇక్కడి ఓడల యజమానుల్లో కొందరు ఆఫ్రికా మనుషుల్ని అమెరికా ద్వీపాలకు తీసుకెళ్లి అమ్మారు. సుర్కూఫ్ కూడా ఆ వ్యాపారంలో ఉన్నాడు. గోడ పక్కన ఠీవిగా నిలబడ్డ ఆ ఇళ్లు చూస్తున్నప్పుడు ఇది గుర్తుండాలి. వాటిలో ఒకటి, 1725లో తూర్పు దేశాలతో వ్యాపారం చేసే ఫ్రెంచి కంపెనీ డైరెక్టరు ఒకాయన కట్టించుకున్న భవనం, గైడు వెంట లోపలికెళ్లి చూడొచ్చు.

ఆ భవనం ప్రత్యేకత ఇంకొకటి కూడా. అది నిజంగా పాతది. ఊళ్లో మిగతావి చాలావరకు పాతవి కావు. ఇది తెలిశాక నాకు ఈ ఊరి మీద గౌరవం ఇంకా పెరిగింది. 1944 ఆగస్టులో జర్మన్ సేనలు ఇక్కడ దాక్కుని లొంగనంటే, అమెరికన్ సేనలు ఫిరంగులతో, బాంబులతో కొట్టాయి. రోజుల తరబడి మంటలు. గోడల లోపలి ఊరు దాదాపు 80 శాతం పోయింది. చుట్టూ గోడ మాత్రం నిలబడింది. యుద్ధం అయ్యాక ఊరివాళ్లు కాంక్రీటు ఊరు వద్దన్నారు. శిథిలాల్లోంచి పనికొచ్చే గ్రానైట్ రాళ్లను ఏరి, పాత ఎత్తులు, పాత కప్పుల వాలు, పొగగొట్టాల వరస పోకుండా మళ్లీ కట్టుకున్నారు. వీధులు మాత్రం అక్కడక్కడా వెడల్పు చేశారు. సాన్ విన్సాన్ చర్చి గోపురం పూర్తయ్యేసరికి 1970లు వచ్చేశాయి. ఏది పాతదో ఏది కొత్తదో పట్టుకోవాలంటే కిటికీలు చూడండి. ఒకే కొలత, ఒకే వరస ఉంటే అది యుద్ధం తర్వాతిది. ఒక వీధి మూల మీద ఒక్క గోడలోనే రెండు రకాల రాళ్లు కనిపించాయి. కింద అంచులు అరిగి నునుపైనవి, పైన ఉలి గాట్లు ఇంకా పదునుగా ఉన్నవి. అమ్మ రెండింటినీ చేత్తో తడిమి చూసింది.

ఆ చర్చిలోనే జాక్ కార్తియే సమాధి ఉంది. 1534లో బయల్దేరి కెనడా తీరం చేరినవాడు. నేల మీద ఒక మొజాయిక్ ఉంటుంది, 1535లో రెండో ప్రయాణానికి ముందు ఆయన అక్కడే మోకరిల్లి దీవెన తీసుకున్నాడట. చూడ్డానికి పది నిమిషాలు చాలు.

భోజనం గురించి అమ్మకు బెంగ ఉండేది. అక్కర్లేకపోయింది. బ్రిటనీలో ఊరూరా గాలెట్ దొరుకుతుంది. బక్‌వీట్ అనే గింజల పిండి, నీళ్లు, ఉప్పు కలిపి వెడల్పాటి ఇనుప పెనం మీద చెక్కతో తిప్పి పలచగా పోస్తారు. రంగు, అంచుల కరకర అచ్చం మన రాగిదోసే. మామూలుగా అందులో హామ్, చీజ్, గుడ్డు పెడతారు కాబట్టి శాకాహారులు ముందే చెప్పుకోవాలి. మాకు పుట్టగొడుగులు, చీజ్ పెట్టి ఇచ్చారు. పైన ఉప్పు వెన్న. పాత రోజుల్లో ఫ్రాన్స్‌లో చాలాచోట్ల ఉప్పు మీద భారీ పన్ను ఉంటే బ్రిటనీకి మినహాయింపు ఉండేది, అందుకే ఇక్కడ వెన్నలో ఉప్పు వేసే అలవాటు నిలిచిపోయింది. నాన్న రెండోది కూడా అడిగారు.

తిని మళ్లీ గోడెక్కేసరికి అమ్మ అక్కడే ఆగిపోయింది. పొద్దున నీళ్లున్న చోట ఇసుక. పిల్లలు బకెట్లు పట్టుకుని పరిగెడుతున్నారు. పొద్దున ద్వీపాలుగా ఉన్న గుట్టలు ఇప్పుడు ఒడ్డుకు అతుక్కుని ఉన్నాయి. బోన్ సెకూర్ బీచ్‌లో సముద్రంలోకి కట్టిన ఈత కొలను ఒకటుంది, 1937 నాటిది. పోటులో మునిగిపోతుంది, సముద్రం వెనక్కెళ్లినా దాని గోడల మధ్య నీళ్లు అలాగే ఉంటాయి. అమ్మ ఆ పక్కనే బెంచీ మీద కూర్చుంటానంది. నాన్నా నేనూ గ్రాన్ బే గుట్టకు బయల్దేరాం.

మెట్ల దగ్గర ఆ రోజు దారి ఎప్పుడు మునుగుతుందో, జాగ్రత్తలేమిటో రాసిన బోర్డు ఉంది. దాన్ని చదవకుండా దిగకండి. అక్కడ నీళ్లు ఎదురుగా అలలా రావు, పక్కల నుంచి కాలవల్లా చేరి దారిని కప్పేస్తాయి. చిక్కుకుంటే తిరిగి నీళ్లు తీసేదాకా గంటల తరబడి గుట్ట మీదే. మధ్యలో దాటాలని చూడటం ప్రాణాపాయం. మేం ఫోన్లో అలారం పెట్టుకుని దిగాం. రాతిబాట మీద నాచు పచ్చగా, జారుడుగా ఉంది. నడుమ నడుమ గుంటల్లో నీళ్లు, అందులో గోరంత పీతలు. నాన్న కాకినాడ చెప్పులతో వద్దని నేను ముందే గట్టి పట్టున్న బూట్లు కొనిచ్చాను.

గుట్ట కొసన రచయిత షాటోబ్రియాన్ సమాధి. 1768లో ఈ ఊళ్లోనే పుట్టాడు, 1848లో పోయాడు. బతికుండగానే ఈ చోటు అడిగి తీసుకున్నాడు. చిన్న ఇనుప కంచె, ఒక రాతి శిలువ. పేరు లేదు. సముద్రం, గాలి తప్ప ఇంకేం వినబడకూడదన్నది ఆయన కోరిక అని దగ్గర్లో ఫలకం మీద రాశారు, దాన్ని మన్నించమని వచ్చేవాళ్లను అడిగారు. ఆయన తండ్రి బానిసల ఓడలు నడిపినవాడు. ఆ సంగతి నేను చెబితే నాన్న చాలాసేపు సమాధి వైపు చూసి, "కొడుకు మాత్రం ఓడలు వదిలి కాగితం పట్టుకున్నాడు" అన్నారు. అలారం మోగకముందే వెనక్కి వచ్చేశాం.

రెండో పక్క గుట్ట మీద ఫోర్ట్ నేషనల్ అనే కోట, 1689లో వోబాన్ ప్లాన్ ప్రకారం కట్టినది. పైన ఫ్రెంచి జెండా ఎగురుతుంటే తెరిచి ఉన్నట్టు. ఇసుక మీద నడిచి వెళ్లడమే. ఈసారి అమ్మ కూడా వచ్చింది. 1944 ఆగస్టులో జర్మన్లు ఊరి మగవాళ్లను వందల సంఖ్యలో ఇక్కడ బంధించారు. పైన ఫిరంగి గుళ్లు పడుతుంటే నీడ లేని ఆ రాతి ఆవరణలో రోజులు గడిపారు, కొందరు అక్కడే చనిపోయారు. వాళ్ల కళ్లెదుటే ఊరు తగలబడింది. ఆ గోడ మీంచి చూస్తే ఊరి కోట మొత్తం ఒకే చూపులో కనిపిస్తుంది. సెయింట్ మాలోలో ఒక్క చోటే చూసే సమయం ఉందంటే నేను దీన్నే చెబుతాను, గోడ నడక కన్నా ముందు.

రాత్రి ఎనిమిది దాటాక సియోన్ బీచ్ పొడవునా ఉన్న రోడ్డు మీదికి వెళ్లాం. అలల జోరు తగ్గించడానికి ఇసుకలో వేలాది ఓక్ దుంగలు పాతారు. మనిషికి మించిన ఎత్తు, నూనె పట్టినట్టు నల్లగా. మధ్యాహ్నం వాటి మధ్య నడిచాం. ఇప్పుడు చాలావాటికి తలలే కనిపిస్తున్నాయి, కాసేపటికి అవీ లేవు. గాలి కూడా తోడైంది. అల గోడకు కొట్టుకుని రోడ్డు దాకా ఎగిసిపడింది, జనం అరిచారు, అమ్మ అందరికన్నా గట్టిగా. పెద్ద గాలివాన రోజుల్లో ఈ రోడ్డు మూసేస్తారు. ఇక్కడి ఇళ్లకు కిటికీల చెక్కలు ఎందుకంత మందంగా ఉంటాయో అప్పుడు అర్థమైంది.

రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పొద్దున అలెత్ గుట్ట చూశాం. జర్మన్ కమాండరు 1944 ఆగస్టు 17న లొంగిపోయిన కోట అదే. ఫిరంగి గూళ్ల ఉక్కు కప్పుల మీద గుళ్లు తగిలిన గుంటలు ఇంకా ఉన్నాయి. ఒక్కో గుంటలో నా పిడికిలి దూరింది.

అక్కణ్నుంచి రాన్స్ ఆనకట్ట. నాన్న విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు, సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో ఏళ్ల తరబడి ఉన్నారు. ఆయన కోసమే దీన్ని చివర పెట్టాను. నది ముఖద్వారానికి అడ్డంగా 750 మీటర్ల ఆనకట్ట, పైన రోడ్డు. 1966లో ప్రారంభించారు. ఒక్కొక్కటి 10 మెగావాట్ల టర్బైన్లు 24, మొత్తం 240 మెగావాట్లు. ఆటుపోట్లతో కరెంటు తీసే కేంద్రాల్లో 2011లో దక్షిణ కొరియా సిహ్వా వచ్చేదాకా ప్రపంచంలో ఇదే పెద్దది. పోటుకు లోపలికి వచ్చిన నీటిని ఆపి, సముద్రం దిగాక వదులుతారు. నీళ్లు ఏ వైపు పోయినా తిరిగేలా, అవసరమైతే పంపుల్లా పనిచేసేలా ఆ టర్బైన్లు తయారయ్యాయి.

నాన్నకు కాళ్లు నిలవలేదు. "మాకు వాన పడితేనే పని. వీళ్లకు చంద్రుడు సెలవు పెట్టడు" అన్నారు. నేను రెండో వైపు కూడా చెప్పాను. కట్టే రోజుల్లో నది ముఖం దాదాపు మూడేళ్లు మూసేశారు, లోపలి జలచరాలు చాలావరకు చచ్చిపోయాయి. తర్వాత వేరే రకాలు వచ్చి స్థిరపడ్డాయి గానీ, బురద పేరుకోవడం నేటికీ సమస్యే. ఆయన తలూపారు. "ఏ ఆనకట్టకైనా ఈ లెక్క ఉంటుంది తల్లీ. సీలేరులో కొండవాళ్ల ఊళ్లు మునిగాయి, మేం చూశాం" అన్నారు.

పడవ ఒకటి లాకులోకి రావడంతో రోడ్డు వంతెన పైకి లేచింది, కార్లన్నీ ఆగాయి. బస్సుకి ఇంకా టైముంది కదా అని నాన్న అవతలి రెయిలింగ్ దగ్గరికి నడిచి, గేట్ల కింద నీళ్లు సుడులు తిరగడం చూపించి, "ఇప్పుడు ఉత్పత్తి జరుగుతోంది, ఇటు రా, చూపిస్తా" అని అమ్మని పిలిచారు.